చీనా భాషలో బహువ్యాపార పదములు – తెలుగు ‘కెళ్ళి’ విచారము

ఒకే పదము ఒక వాక్యమున క్రియగాను, వేరొక వాక్యమున విభక్తిప్రత్యయము చేయు పనిని చేయునదిగాను, ఇంకొక వాక్యమున క్రియావిశేషణముగాను నిలుచుట చీనా భాషలో సర్వసాధారణము. సుబంత తిఙంత విభాగమునకు అలవడినవారికి ఈ స్థితి మొదట వింతగా తోచును. ‘ఈ పదము నామమా, క్రియయా?’ అను ప్రశ్నకు ఒక్క సమాధానము దొరకనప్పుడు ‘ఆ భాషకు వ్యాకరణమే లేదు’ అను తీర్పు తేలికగా వెలువడును. ఆ తీర్పు సరికాదనియు, మార్చవలసినది ప్రశ్ననే అనియు, అందుకు వలసిన పరికరములు పాణినీయమునందే కలవనియు నిరూపించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది. ఈ విచారమునకు చీనా భాషతోనే ప్రయోజనము తీరదు. హైదరాబాదు తూర్పు భాగమున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములందు నిత్యము వినవచ్చు ‘కెళ్ళి’ అను తెలంగాణ రూపమును అశుద్ధమని కొట్టివేయుట న్యాయమా అను ప్రశ్నకును దీనివలననే సమాధానము లభించును.

చీనా పండితులు మన వ్యాకరణమును పరికించిన చరిత్ర ప్రాచీనమైనది. క్రీ.శ. 7వ శతాబ్దిలో హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్రదేశమునకు వచ్చి, ధాన్యకటకమున కొంతకాలము నిలిచి అభిధర్మశాస్త్రమును అభ్యసించెను. హ్వేలీ రచించిన ఆయన జీవితచరిత్రమున సంస్కృత నామములకు వచనభేదరూపములును, ధాతువులకు పురుషభేదరూపములును కలవని చీనా పాఠకులకు ఉదాహరణపూర్వకముగా వివరింపబడినది. రూపభేదము లేని భాషవారు రూపభేదము గల భాషను అంత శ్రద్ధతో తెలిసికొనిరి. ఆ శ్రద్ధను ఈ వైపునుండి చూపుట మనకు ఉచితము.

ఉచ్చారణ సంకేతము

ప్రామాణిక చీనా భాషలో స్పర్శములకు శ్వాస నాద భేదము లేదు. అల్పప్రాణ మహాప్రాణ భేదమే ముఖ్యము. కావున రోమక లిపిలో నాదాక్షరములతో వ్రాయబడు ధ్వనులు ఇచ్చట క, త, ప మొదలగు శ్వాసాల్పప్రాణములతోను, వాని ప్రతియోగులు థ, ఛ మొదలగు మహాప్రాణములతోను సూచింపబడినవి. తెలుగునందలి దంత్య చకారము ‘ౘ’ ఆ భాషలో ఒక ధ్వనికి అచ్చముగా సరిపోవును. ప్రతి అక్షరమునకును స్వరము కలదు; ప్రధానస్వరములు నాలుగు. స్వరము మారినచో పదమే మారును. అవసరమైన చోట మాత్రమే స్వరసంఖ్య తెలుపబడినది.

ఒక పదము, మూడు పనులు

‘ౘై’ అను పదమును పరిశీలింతము.

1. ‘థా ౘై చ్యా’ – అతడు ఇంట ఉన్నాడు.
2. ‘థా ౘై చ్యా ఛి ఫాన్’ – అతడు ఇంట భోజనము చేయును.
3. ‘థా ౘై ఛి ఫాన్’ – అతడు భోజనము చేయుచున్నాడు.

‘థా’ అనగా అతడు. ‘చ్యా’ ఇల్లు. ‘ఛి’ తినుట, ‘ఫాన్’ అన్నము. ఆ రెండును కలిసి భోజనము చేయుట అను అర్థమిచ్చును. మూడు వాక్యములందును ‘ౘై’ రూపమొకటే, స్వరమొకటే. మొదటిదాన అది ఉనికిని తెలుపు క్రియ. రెండవదాన మన సప్తమీ విభక్తి పనిని చేయుచున్నది. మూడవదాన క్రియ జరుగుచున్నదని తెలుపుచున్నది. తెలుగున ‘చున్’ చేయు పని అది.

నిర్ణయమునకు మూలము ఆ పదము తరువాత వచ్చునది. స్థలవాచకము మాత్రమే వచ్చి వాక్యము ముగిసినచో క్రియ. స్థలవాచకము వచ్చి, ఆ తరువాత వేరొక క్రియ వచ్చినచో విభక్తిస్థానీయము. నేరుగా క్రియయే వచ్చినచో వర్తమానవ్యాపారద్యోతకము. ఈ మూడు స్థానములు తెలిసినవానికి సందేహమునకు సాధారణముగా తావుండదు. ‘ఇంట ఉన్నాడా?’ అని అడిగినప్పుడు ‘ౘై’ అని ఒక్కమాటతో బదులు చెప్పవచ్చును. ఆ యోగ్యత క్రియకే కలదు. ‘లో’ అని గాని ‘అందు’ అని గాని ఒంటరిగా పలికి బదులు చెప్పుట తెలుగునను కుదరదు గదా!

క్రియలు విభక్తులగు తెరవు

ఇట్టి పదములు చీనా భాషలో పెక్కు కలవు. ‘కేయ్’ అనగా ఇచ్చుట. ‘వో కేయ్ థా షూ’ – నేను అతనికి పుస్తకమిత్తును. ‘వో కేయ్ థా మాయ్ షూ’ – నేను అతనికొరకు పుస్తకము కొందును. రెండవ వాక్యమున ‘కేయ్’ చతుర్థి పనిని చేయుచున్నది. ‘తావ్’ చేరుట, అదియే ‘వరకు’. ‘కన్’ వెంబడించుట, అదియే ‘తోడ’. ‘యుంగ్’ ఉపయోగించుట, అదియే కరణార్థకము. ‘పీ’ పోల్చుట, అదియే ‘కంటె’. మహాప్రాణోచ్చారణగల ‘ౘుంగ్’ మొదట అనుసరించుట, నేడు ‘నుండి’.

వీనిలో రెండు విశేషముగా గమనింపదగినవి. ‘పా’ అను పదమునకు పట్టుకొనుట అర్థము. ‘థా పా మన్ క్వాన్ ల’ అనగా అతడు తలుపు మూసెను. ‘మన్’ తలుపు, ‘క్వాన్’ మూయుట, ‘ల’ క్రియాసమాప్తిని తెలుపునది. ఇచ్చట ‘పా’ అను పదము పట్టుకొనుటను చెప్పదు. తలుపు కర్మ అని మాత్రము చెప్పును. అట్లే ‘పేయ్’ అను పదము మొదట కప్పబడుట, పొందుట అను అర్థములు గలది; ‘థా పేయ్ తా ల’ అనగా అతడు కొట్టబడెను.

తెలుగువారికి ఇది క్రొత్త కాదు. బడులలో నేర్పు విభక్తి పట్టికలో ద్వితీయయందు ‘కూర్చి, గురించి’ కలవు. పంచమియందు ‘పట్టి’ కలదు. ఈ మూడును ఒకప్పటి క్త్వార్థక క్రియారూపములు. కూర్చు, గురించు, పట్టు ధాతువులు వానియందు స్పష్టముగా కనబడుచున్నవి. తృతీయయందలి ‘చేత’ అను రూపమున చేయి కలదు. ‘తోడ’ అను రూపమున తోడు కలదు. కర్మార్థమున వచ్చు ‘బడు’ స్వతంత్రముగా ‘పడు’ అను క్రియయే; దెబ్బ పడువాడే కొట్టబడువాడు. చీనా ‘పా’, తెలుగు ‘పట్టి’ రెండును పట్టుటనుండియే పుట్టినవి. చీనా ‘పేయ్’, తెలుగు ‘బడు’ రెండును అనుభవించుటనుండియే పుట్టినవి. ఈ భాషలకు కులసంబంధము లేదు. మానవవాక్కు నడచు తెరవు ఒకటియగుటయే ఈ సామ్యమునకు కారణము.

సంస్కృతమునను ఈ తెరవు కలదు. ‘ఉద్దిశ్య’, ‘అధికృత్య’, ‘ఆరభ్య’, ‘విహాయ’ మొదలగునవి రూపముచేత ల్యబంతములు. అయినను ‘బాల్యాదారభ్య’ అన్నప్పుడు ఎవరో దేనినో ఆరంభించుట వివక్షితము కాదు. కాలావధి మాత్రమే వివక్షితము. ‘ఉద్దిశ్య’ అను పదమునకు తెలుగున ‘గురించి’ అని అర్థము చెప్పుటయందే రెండు భాషల నడక ఒకటియని తేలుచున్నది.

పాణిని చూపిన మార్గము

ఒకే రూపమునకు ప్రయోగమును బట్టి వేరువేరు సంజ్ఞలు కల్పించుట పాణినీయమున సుప్రసిద్ధము. ప్రాదులు మొదట నిపాతములు. క్రియాయోగమున అవియే ఉపసర్గములు, గతులు. కొన్ని నియతార్థములందు అవియే కర్మప్రవచనీయములు. ‘ప్రతిగచ్ఛతి’ అనునప్పుడు ‘ప్రతి’ ఉపసర్గము. ‘గురుం ప్రతి భక్తిః’ అనునప్పుడు క్రియ లేదు. ‘ప్రతి’ కర్మప్రవచనీయమై ద్వితీయను కలిగించుచున్నది. ‘ప్రతి’ ఏ జాతి పదము అని వాక్యము వెలుపల అడిగినచో ‘నిపాతము’ అని సామాన్యముగా చెప్పవచ్చును గాని, విశేషసంజ్ఞ చెప్పుటకు వీలులేదు.

ఈ సంజ్ఞాభేదము పేరునకు మాత్రమే గాక కార్యమునందును భేదము కలిగించును. ‘సు’ ఉపసర్గమైనచో పరమందలి ధాతుసకారమునకు షత్వము ప్రాప్తించు సందర్భములు కలవు. ప్రశంసార్థమున అదే ‘సు’ కర్మప్రవచనీయమైనచో ఆ షత్వము రాదు. ‘సు సిక్తమ్’ అని సకారమే నిలుచును. రూపమొకటే; వ్యాపారభేదము వలన సంజ్ఞాభేదము, సంజ్ఞాభేదము వలన కార్యభేదము. చీనా ‘ౘై’ విషయమున జరుగుచున్నదియు ఇదియే.

అవ్యయముల స్థితియు ఇచ్చట స్మరణీయము. వానిపై సుప్ వచ్చి లుప్తమగునని శాస్త్రము. చెవికి వినబడని ప్రత్యయముతోనే అవి పదత్వమును పొందుచున్నవి. ప్రత్యయము వినబడనిచోట పదము చేయు పనిని స్థానము, అన్వయము తెలుపవలెను. సంస్కృతమున అవ్యయములకు పరిమితమైన ఈ స్థితి చీనా భాషలో దాదాపు పదసముదాయమంతటను వ్యాపించియున్నది. ఇది బోధసౌకర్యము కొరకు చెప్పిన పోలిక మాత్రమే. చీనా పదములన్నియు అవ్యయములే అని సిద్ధాంతము చేయరాదు.

ఉపసర్గములకు విడిగా అర్థము కలదా అను విషయమున శాకటాయన గార్గ్యుల మతభేదమును యాస్కుడు నిరుక్తమున పేర్కొనెను. విడదీసినచో అవి అర్థమును చెప్పవని శాకటాయనుడు. వానికి వివిధార్థములు కలవని గార్గ్యుడు. ఇట్టి వాదమే 20వ శతాబ్దిలో చీనా దేశమున నడచెను.

చీనా వైయాకరణుల వాదము

మా చ్యెన్‌చుంగ్ రచించి 1898లో వెలువరించిన వ్యాకరణము, చీనా విద్వాంసులు తమ భాషకు రచించిన తొలి సమగ్ర వ్యాకరణముగా ప్రసిద్ధము. లాటిన్ వ్యాకరణము దానికి ఆదర్శము. పూర్ణపదములు, శూన్యపదములు అను స్వదేశీయ విభాగమును అందు చేర్చుకొనబడినది. 1924లో లీ చిన్‌శీ వాక్యమును బట్టియే పదజాతిని నిర్ణయింపవలెననియు, వాక్యము వెలుపల జాతియే లేదనియు ప్రతిపాదించెను. 1953లో కావ్ మింగ్‌ఖాయ్ ఇంకను ముందుకు పోయి, చీనా పూర్ణపదములకు జాతివిభాగమే లేదని వాదించెను.

ఈ పూర్వపక్షమునకు బాధకము కలదు. స్థానమే సర్వమును నిర్ణయించునదైనచో ఏ పదమైనను ఏ స్థానమునకైనను యోగ్యము కావలెను. అట్లు కాదు. నేటి చీనా భాషలో ‘పు’ అను నిషేధపదము క్రియకు ముందు వచ్చును గాని, ‘షూ’ (పుస్తకము) వంటి నామమునకు నేరుగా ముందు రాదు. అనగా పదమునకు తనదైన యోగ్యత కలదు. ఆ యోగ్యతలలో ఏది ప్రకృతమో వాక్యము తెలుపును. యోగ్యత పదనిష్ఠము, నిర్ణయము వాక్యనిష్ఠము అనుట యుక్తము. నిఘంటుకారులకు ఈ సమన్వయము ఎంత కష్టసాధ్యమో ఒక్క ఉదాహరణము చాలును. 1978లో ప్రథమముగా ముద్రితమైన సమకాలిక చీనా భాషా నిఘంటువు 2005 నాటి 5వ కూర్పున గాని పదజాతులను సమగ్రముగా సూచింపలేదు. అంతకుముందే, 1980లో, ల్యూ షూశ్యాంగ్ సంపాదకత్వమున వెలువడిన ‘ఎనిమిది వందల పదములు’ అను గ్రంథము ముఖ్యముగా ఇట్టి వ్యాకరణపదముల ప్రయోగములను ఒక్కొక్కటిగా వేరుపరచి చూపినది.

మూడు విధముల వివేకము

రూపసామ్యము కనబడినంతనే బహువ్యాపారమని నిర్ణయింపరాదు. మూడు స్థితులను వేరుచేసికొనవలెను.

మొదటిది భిన్నశబ్దత. ‘హ్వా’ అనగా పువ్వు; ‘హ్వా’ అనగా ధనము వెచ్చించుట. నేటి వ్యవహారమున ఈ అర్థములకు సంబంధము లేదు. తెలుగున ‘ఆరు’ సంఖ్యయు, ‘ఆరు’ ధాతువును ఇట్టివే.

రెండవది స్వరభేదము వలన కలిగిన వ్యుత్పత్తి. ‘చుంగ్’ మూడవ స్వరమున విత్తనము, నాలుగవ స్వరమున నాటుట. ‘హావ్’ మూడవ స్వరమున మంచి, నాలుగవ స్వరమున ఇష్టపడుట. అర్థసంబంధము కలదు గాని ధ్వని ఒకటి కాదు. ‘ఇంద్రశత్రు’ శబ్దమున స్వరభేదమువలన సమాసమే మారి అనర్థము వాటిల్లిన కథ నెరిగినవారికి ఇది సుబోధము.

మూడవది ముఖ్యమైన బహువ్యాపారత. ధ్వని ఒకటే, స్వరమొకటే, అర్థములకు జన్యజనకసంబంధము కలదు. వాక్యమున చేయు పని మాత్రము వేరు. ‘ౘై’, ‘కేయ్’, ‘పా’ ఇట్టివి. ఒకే శబ్దమునకు అనేకార్థములా, అర్థభేదమున శబ్దభేదమా అను రెండు దర్శనములను భర్తృహరి చర్చించెను. బోధనకు మొదటి దర్శనము సౌకర్యము. రూపనిష్పత్తికి రెండవది సౌకర్యము.

తెలుగు ఈ రెండు భాషలకును నడుమ నిలుచును. దిల్‌సుఖ్‌నగర్ సమీపమున గడ్డిఅన్నారము పండ్ల అంగడి 2021లో బాటసింగారమునకు తరలింపబడువరకు అచ్చట ‘పండు’ అను మాట నిత్యము వినబడుచుండెడిది. ‘మామిడిపండు’ అనునప్పుడు అది నామము. ‘కాయ రెండు దినములలో పండును’ అనునప్పుడు క్రియ. ప్రాతిపదికయు ధాతువును ఒకే రూపమున నున్నను ‘పండ్లు’ అన్నంతనే నామత్వము, ‘పండెను’ అన్నంతనే క్రియాత్వము స్థిరపడుచున్నవి. ప్రత్యయము చేరువరకు తెలుగు చీనా భాషవలె నుండి, చేరిన పిమ్మట సంస్కృతమువలె నగును.

‘కెళ్ళి’ – దోషమా, విభక్తియా?

ఇప్పుడు ప్రకృతమునకు వత్తము. విజయవాడ మార్గమున నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము మొదలగు ప్రాంతములనుండి వచ్చువారికి లాల్ బహదూర్ నగరము, అనగా ఎల్.బి.నగర్, హైదరాబాదు ముఖద్వారము. అచ్చటినుండి చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్ చేరినచో శిక్షణసంస్థలు, విద్యార్థుల వసతిగృహములు. 2018లో అమీర్‌పేట ఎల్.బి.నగర్ ల నడుమ మెట్రో రైలు నడచుటతో రాకపోకలు ఇంకను సులభమైనవి. తెలంగాణ జిల్లాలవారును, కోస్తా రాయలసీమలవారును ఇచ్చట ఒకే వీధిలో మాటలాడుకొందురు. ‘ఎల్బీనగర్‌కెళ్ళి వచ్చిన’ అని ఒకరన్నచో, వినువారిలో ఒకరు ‘ఎల్.బి.నగర్ నుండి వచ్చితిని’ అనియు, మరియొకరు ‘ఎల్.బి.నగర్‌కు వెళ్ళి తిరిగి వచ్చితిని’ అనియు గ్రహింతురు. మొదటివారికి అది బయలుదేరిన చోటు. రెండవవారికి పోయి వచ్చిన చోటు. అర్థము తలక్రిందులగుచున్నది.

రెండవ అర్థమే సాధువు, మొదటిది వ్యవహర్తల పొరపాటు అని కొందరు తలతురు. జవాబుపత్రమున ‘కెళ్ళి’ కనబడినంతనే ఎర్రసిరాతో దిద్దుట పరిపాటి. ఇది పరీక్షింపదగినది.

‘వాడు కిటికీలకెళ్ళి చూసిండు’ అను వాక్యమున చూచినవాడు కిటికీలోనికి వెళ్ళలేదు; దానిగుండా చూచెను. ‘అప్పటికెళ్ళి వాన పడుతున్నది’ అను వాక్యమున వాన ఎచ్చటికిని వెళ్ళలేదు. క్త్వార్థకమునకు వలసిన సమానకర్తృకత్వము, అనగా రెండు క్రియలకు ఒకే కర్త ఉండుట, ఇచ్చట లేదు. వెళ్ళు కర్తయే లేనప్పుడు ‘వెళ్ళి’ అను క్రియ ఎట్లుండును? మరియు నిజమైన క్రియయైనచో నడుమ వేరొక పదము చేరవలెను. ‘నగరమునకు నిన్న వెళ్ళి’ అనవచ్చును. పంచమ్యర్థమున అట్టి వ్యవధానము సహింపబడదు. నిజమైన క్రియకు ‘వెళ్ళక’ అను వ్యతిరేకరూపము కలదు. పంచమ్యర్థక ‘కెళ్ళి’కి అది లేదు. చీనా ‘ౘై’కి ఏ పరీక్షలు చేయబడినవో అట్టివే ఇవి, ఫలితమును అట్టిదే.

ఆ మాండలికమున వ్యవస్థయు లోపింపలేదు. గమనార్థమున తెలంగాణ వ్యవహారము సాధారణముగా ‘పోవు’ ధాతువునే వాడును. ‘ఎల్బీనగర్ పోయి వచ్చిన’ అని. కావున ఆ వ్యవహర్తకు ‘కెళ్ళి’ అనునది సందిగ్ధము కాదు. సందేహము పుట్టునది గమనార్థమున ‘వెళ్ళు’ వాడు శ్రోత చెవిలోనే. ప్రాచీనభాషలో ‘వెడలు’ ధాతువునకు బయటికి వచ్చుట, బయలుదేరుట అను అర్థములుండుట తలచినచో, దాని రూపాంతరమగు ‘వెళ్ళు’ నుండి అపాదానార్థము కలుగుట అసంగతమును కాదు.

ఇంకొక మాట. ‘కెళ్ళి’ స్థానమున దిద్ది వ్రాయు ‘నుండి’ ఏమి? ‘ఇంటన్ + ఉండి’ అని విడదీసినచో అదియు ‘ఉండు’ ధాతువు యొక్క క్త్వార్థకమే. ఉండుటనుండి విభక్తిగా మారిన చీనా ‘ౘై’కి అది తోబుట్టువు. క్రియ విభక్తియగుట దోషమైనచో ‘నుండి’, ‘గురించి’, ‘పట్టి’ మూడును దోషములే. ఆ మూడును సాధువులైనచో ‘కెళ్ళి’ని పుట్టుకను బట్టి నిందించుటకు హేతువు లేదు. భేదము గ్రంథస్థప్రచారమునందే కాని వ్యాకరణన్యాయమునందు లేదు.

ఉపసంహారము

దీనివలన బోధకులకు రెండు ప్రయోజనములు. చీనా వంటి భాషను నేర్పునప్పుడు పదమునకు ఒక్క జాతిని కంఠస్థము చేయింపక, ఆ పదము నిలుచు స్థానములను వాక్యసహితముగా నేర్పవలెను. తరువాత వచ్చు పదము, వ్యవధానము, నిషేధము, కర్త అను నాలుగింటితో పరీక్షింపజేయవలెను. తెలుగును దిద్దునప్పుడు గ్రంథరచనకు ‘నుండి’ ఉచితమని చెప్పుట తగును, అది శైలీవివేకము. కాని ‘కెళ్ళి’ని అపప్రయోగమని విద్యార్థికి చెప్పుట తగదు. తన యింట మాటలాడు భాషకు శాస్త్రము లేదని అతడు నమ్మినచో, ఆ శాస్త్రమునే అతడు పరాయిదిగా చూచును. శబ్దము చేయు పనిని చూచి సంజ్ఞ చేయుమని మనకు నేర్పిన సంప్రదాయము చీనా ‘ౘై’కి ఎంత చెల్లునో, దిల్‌సుఖ్‌నగర్ వీధిలోని ‘కెళ్ళి’కిని అంతయే చెల్లును.